నాలుగో జ్వరం లేచిన వారం

వెంకటలక్ష్మమ్మకు ఐదో కాన్పు తొంభై నాలుగు మార్చి ఆఖరులో అయింది. మళ్లీ ఆడపిల్ల. ఆ కబురు మల్బరీ తోటలో ఉన్న తిమ్మరాయప్పకు చెప్పడానికి పెద్దకూతురు మునిరత్న పోయింది. ఆయన ఆకు కోస్తూనే విన్నాడు.

"మీ అమ్మ బాగుందా?"

"బాగుంది నాయనా."

"అట్లయితే ఈ పంటకి పురుగులింట్లో నువ్వే ఉండాల," అని ఇంకో కొమ్మ వంచాడు.

ఆ మాట వస్తుందని మునిరత్నకు తెలుసు. హోసూరు పక్క మత్తిగిరికి మూడు మైళ్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లో పట్టుపురుగులు పెంచే ప్రతి ఇంటికీ ఒకటే కట్టుబాటు. బయట ఉన్న ఆడది ఆ మూడు దినాలూ పురుగులింటి గడప తొక్కకూడదు. కాన్పయినది నలభై దినాలు తొక్కకూడదు. తొక్కితే పురుగు మేత మానేస్తుందనీ, తట్టలోనే నల్లబడి కారిపోతుందనీ అందరి నమ్మకం. కూలికి వచ్చే ఆడవాళ్లను లోపలికి రానిచ్చేవారు కాదు, ఎవరు ఎట్లా ఉన్నారో అడగలేరు కాబట్టి. తిమ్మరాయప్ప వదిన అదే ఇంట్లో ఉండేది. ఆమెను పిల్లలతో పాటు ఊరంతా దొడ్డమ్మ అనే పిలిచేవారు. ఆమెకు మోకాళ్లు పట్టేశాయి, పైతట్టలు అందవు. ఇంక పనికొచ్చేది పెద్దమనిషి కాని ఆడపిల్ల. మునిరత్నకు పద్నాలుగేళ్లు వచ్చినా ఇంకా కాలేదు. ఆమె వెనక తమ్ముడు దేవేంద్ర, తరువాత ఇద్దరు చెల్లెళ్లు, చిన్నవాళ్లు. ఇప్పుడు ఈ పసిది.

ఇంట్లో ఒక బిడ్డ పుట్టినప్పుడల్లా మునిరత్న చదువులో కొంత పోయేది. దేవేంద్ర పుట్టినప్పుడు ఆమెకే మూడేళ్లు, ఆ కాన్పు ఆమెను ఏమీ చేయలేదు. మొదటి చెల్లెలు పుట్టినప్పుడు రెండో తరగతిలో సగం ఊయల దగ్గర, పురుగులింట్లో గడిచింది. రెండో చెల్లెలు పుట్టిన ఏడాది నాలుగో తరగతి మొత్తం పోయి, మళ్లీ చదవవలసి వచ్చింది. అయినా ఎట్లాగో ఊరి తెలుగు బడిలో ఎనిమిదిదాకా వచ్చింది. తొమ్మిదికి మత్తిగిరి పోవాలి. లెక్కల్లో క్లాసులో ఆమెదే మొదటి మార్కు. తరగతికి రాని దినాల పాఠాలు కూడా శోభన నోటుబుక్కు చూసి చేసేది. శోభన, ఆమె ఒకే బెంచీ.

హెడ్మాస్టరు శ్రీరామప్ప సారు ఆమెను పిలిచి హాజరు పుస్తకం తెరిచి చూపించాడు. ఆమె పేరు ఎదురుగా ఖాళీలే ఎక్కువ ఉన్నాయి.

"నాలుగు దినాలు, సోమవారంనుంచి గురువారందాకా వచ్చి పరీక్ష రాసిపో. రాసినావంటే ఈ ఖాళీలు నేను చూసుకుంటాను, తొమ్మిదికి పంపిస్తాను. రాయలేదంటే ఫెయిలే. ఫెయిలైన పిల్లని మీ నాయన మళ్లీ ఎనిమిదికి పంపడు. నాకు మీ నాయన తెలుసు, నీకూ తెలుసు."

పరీక్షలు ఏప్రిల్ పద్దెనిమిదిన మొదలు.

పట్టుపురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు మేత మాని, తల ఎత్తి, కదలకుండా పడుకుంటుంది. దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిన తరువాత గూడు కట్టేదాకా ఏడు దినాలు దాని ఆకలికి అంతుండదు. దినానికి ఐదు మేతలు. తోటలో కోసిన ఆకు కోసినట్టే తట్టల్లోకి పోతుంది. ఆ ఏడు దినాల్లో ఒక మేత తప్పితే గూడు పలచబడుతుంది. ఆ ఏడాది పురుగులు నాలుగో జ్వరం లేచేది పద్నాలుగున. అంటే పరీక్ష రాసే నాలుగు దినాలూ ఆ వారంలోనే పడ్డాయి.

మునిరత్న తండ్రిని అడిగింది. "పొద్దున మేత వేసే పోతాను నాయనా. ఒంటిగంటకి వచ్చేస్తాను. పదిగంటల మేత ఒకటే తప్పేది."

"ఆ ఒకటి ఎవరు వేసేది? నేను ఆకు కోసేదా, మేత వేసేదా?"

"దేవేంద్ర..."

"వాడికీ పరీక్షే కదా." తిమ్మరాయప్ప కోపంగా అనలేదు. ఆయన కొట్టే మనిషి కాదు, అరిచే మనిషి కూడా కాదు. "ఇద్దరిలో ఒకరే పోయేదానికి అవుతుంది. నన్నేం చేయమంటావు చెప్పమ్మా."

దేవేంద్ర ఆరో తరగతి. వాడికి ఒక్క ఏడాదీ పోలేదు.

మరునాడు బడి వదిలాక శోభన ఆమెను ఊరిస్తూ మాట్లాడింది. "మా ఇంట్లో అయితే నెలకి మూడు దినాలు నన్ను ఏమీ ముట్టనీరు. నీళ్లు తెచ్చేది లేదు, అంట్లు లేవు. హాయిగా చదువుకుంటాను. నీకేమో ఇంకా కాలేదు, పురుగులకి దాసీగా ఉండావు."

మునిరత్నకు ఒకటి గుర్తొచ్చింది. "పోయినేడు నీకు అయినప్పుడు నువ్వు ఇస్కూలుకి ఎన్ని దినాలు రాలేదు?"

"మూడు. నాలుగోనాడు తలకు పోసి పంపించేసినారు. ఎందుకు?"

"ఊరికే."

ఆ సాయంత్రం ఆకు తరుగుతూ ఆమె అదే ఆలోచించింది. గురువారం అయితే శుక్ర, శని అయిపోతాయి, ఆదివారం తలకు పోస్తారు. సోమవారం బడి. కొత్తగా పెద్దమనిషైన పిల్లను ఆ పంట ముగిసేదాకా పురుగులింట్లోకి రానివ్వరు, అదీ ఆమెకు తెలుసు. ఇంట్లో పని ఉండదు, ఎవరూ ఆపరు. లెక్క చేసినట్టే ఒక్కో మెట్టూ సరిచూసుకుంది. ఎక్కడా తప్పు కనపడలేదు.

గురువారం పొద్దున ఆకు కత్తితో ఎడమచేతి చూపుడువేలు కోసుకుంది. అనుకున్నదానికంటే లోతుగా తెగింది. నెత్తురు పావడాకు అంటించి, వేలికి గుడ్డ చుట్టి, వెనక వాకిట్లోకి పోయి గోడ పట్టుకుని నిలబడింది.

దొడ్డమ్మ చూసింది. తరువాత నవ్వింది. "ఏమే, ఇన్నాళ్లకి ముహూర్తం కుదిరిందా నీకు? మీ అమ్మ లేచి తిరగలేని వారమే చూసుకున్నావా? ఉండు, ఆడనే ఉండు, గడప తొక్కొద్దు. లక్ష్మీ, ఇట్ల చూడు, నీ కూతురు పెద్దమనిషి అయింది."

వెంకటలక్ష్మమ్మ పసిదానికి పాలిస్తూ లోపలి గదిలోనుంచి చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం మునిరత్న చూసింది. ఎందుకో అడగలేకపోయింది.

మధ్యాహ్నానికల్లా సామల్పట్టిలో ఉన్న మేనమామ హనుమంతప్పకు మనిషిని పంపారు. ఆయన శుక్రవారం పొద్దున మూడు బస్సులు మారి, కొత్త చీర, నువ్వులు, బెల్లం తీసుకుని వచ్చాడు. వస్తూనే చొక్కా విప్పి, పక్కింటివాళ్ల చెట్టునుంచి కొబ్బరిమట్టలు కొట్టించి, వాకిట్లో వేపకొమ్మలతో కలిపి గుడిసె కట్టాడు. అల్లేటప్పుడు ఎవరో సాయం వస్తే రానివ్వలేదు. "నా అక్క మొదటి బిడ్డ. నేనే కట్టాల," అన్నాడు.

"ఎన్ని దినాలు మామా?" అని మునిరత్న అడిగింది.

"పదకొండు. పదకొండోనాడు ఊరికంతా భోజనం. నీకేం తక్కువ చేస్తామా?" అని ఆయన నవ్వాడు.

గుడిసెలోకి పోయి కూర్చున్నాక గానీ ఆ మాట ఆమెకు పూర్తిగా తలకెక్కలేదు. ఆ పొద్దూ మరునాడూ ఆడవాళ్లు వచ్చి చూసి పోతూనే ఉన్నారు. పచ్చి గుడ్డు తాగించారు, నువ్వులుండ పెట్టారు. ఒకామె గడ్డం పట్టుకుని, "లెక్కల పిల్ల, ఇంక నెలల లెక్క పెట్టుకో," అని నవ్వించింది. దేవేంద్ర మాత్రం దూరంగా నిలబడి ఆమెవైపు కోపంగా చూశాడు. వాడి చేతులకు ఆకు పసరు పట్టి ఉంది.

"మహారాణి మాదిరి కూర్చున్నావు. నీకు నువ్వులుండ, నాకు పురుగులు. సోమవారం నా పరీక్ష పోతుంది నీ వల్ల."

అప్పుడు తెలిసింది ఆమెకు, పురుగులింట్లో తన చోట ఎవరిని పెట్టారో. తన లెక్కలో ఆ మెట్టు లేదు.

శనివారం సాయంత్రం జనం పలచబడ్డాక దొడ్డమ్మ గుడిసె ముందు కూర్చుని వక్కాకు వేసుకుంటోంది. మునిరత్న మట్టల సందులోనుంచి పిలిచింది.

"దొడ్డమ్మా, నాకు కాలేదు."

"ఏమి కాలేదు?"

"ఇదే. పెద్దమనిషి కాలేదు. కత్తితో కోసుకున్నాను." గుడ్డ విప్పి వేలు బయటికి చాపింది.

దొడ్డమ్మ ఆ వేలు పట్టుకుని చాలాసేపు చూసింది. గాయం ఇంకా మానలేదు. నోట్లో వక్కాకు నమలడం మానేసింది.

"ఎందుకే ఇట్ల చేసినావు?"

"పరీక్షకి పోవాల. శోభన నాలుగోనాడే ఇస్కూలుకి వచ్చింది. నన్నూ పంపుతారనుకున్నాను."

"శోభన వాళ్లింట్లో మూడో ఆడపిల్ల కదే. మూడోదానికి ఎవరు గుడిసె కడతారు? వాళ్ల పెద్దక్కకి కట్టినారు, పదకొండు దినాలు, నేను పోయి ఆరతి ఎత్తి వచ్చినాను. నువ్వు ఈ ఇంటికి మొదటిదానివి. నీకు చేయకుండా ఎట్ల ఊరుకుంటారు?" దొడ్డమ్మ గొంతు తగ్గించింది. "నీకు ముందు ఒక అక్క ఉండింటే తెలిసేది. ఎవరు చెప్పాల నీకు?"

"నాయనతో చెప్పేయ్ దొడ్డమ్మా. కొట్టినా కొట్టనీ."

"ఏమని చెప్పేది? మీ మామ చేతులారా కట్టినాడు. ఊరంతా వచ్చి చూసినారు. ఇప్పుడు కాలేదంటే ఏమంటారో తెలుసా? ఈ పిల్లకి ఎప్పటికీ కాదు, అందుకే తల్లీ దొడ్డమ్మా కలిసి నాటకమాడినారంటారు. ఆ మాట నీ వెనకున్న ముగ్గురాడపిల్లల పైనా పడుతుంది. పరీక్ష పోతే ఒక ఏడాది పోతుంది. మాట పడితే పోదు." ఆమె లేచి చీర దులుపుకుంది. "నిజంగా అయినప్పుడు నాతో చెప్పు. అందాకా నెలకి మూడు దినాలు బయట కూర్చో. నేను గుర్తు చేస్తాను. ఇంకెవరికీ చెప్పొద్దు, మీ అమ్మకి కూడా."

సోమవారం పదిగంటలకు బడి గంట వినిపించింది. బడి ఆ వాకిట్లోనుంచి కేక వేస్తే వినిపించేంత దూరం. మొదటి దినం తెలుగు. రెండోనాడు లెక్కలు. మునిరత్న మోకాళ్లమీద తల పెట్టుకుని, ప్రశ్నపత్రం ఇచ్చి ఉంటారు, మొదటి పేజీ రాసి ఉంటారు అనుకుంటూ కూర్చుంది. కొబ్బరిమట్టలు అప్పటికే ఎండి చప్పుడు చేస్తున్నాయి. పక్కన పురుగులింట్లో తండ్రి దేవేంద్రకు చెప్పడం వినిపిస్తోంది, పలచగా పరువు, అంచుల్లో ఎక్కువ వెయ్, చేతులు కడుక్కున్నావా అని. తనకు చెప్పిన మాటలే అన్నీ.

గురువారం మధ్యాహ్నం దేవేంద్ర గుడిసె దగ్గరికి వచ్చాడు. ఈసారి వాడి మొహంలో కోపం లేదు.

"నాకేం భయం లేదు. నాయన పోయి సారుతో మాట్లాడినాడు. పరీక్ష రాయకపోయినా నన్ను ఏడుకి వేస్తానన్నాడు సారు."

మునిరత్న ముందుకు జరిగింది. "నా గురించి అడిగినాడా?"

"అడిగినాడు."

"ఏమని?"

"పెద్దది ఇంక రాదు, పేరు తీసేయండి అని."

"సారు ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. పుస్తకంలో ఎర్ర ఇంకుతో గీత కొట్టినాడు." దేవేంద్ర గుడిసెలోకి తొంగి చూసి, "నువ్వులుండ ఉందా ఇంకా?" అన్నాడు.

ఆమె ఉన్నవన్నీ ఇచ్చేసింది.

పదకొండోనాడు భోజనాలయ్యాయి. గుడిసె మట్టలు ఊరి బయట కాల్చారు. జూన్‌లో బడి తెరిచినప్పుడు మునిరత్న ఒకసారి తల్లితో అంది, మత్తిగిరి బడిలో చేరతానని. వెంకటలక్ష్మమ్మ తండ్రిని అడగమంది. తండ్రి, "పెద్దమనిషైన పిల్ల మూడు మైళ్లు యాడ నడుస్తుంది? ఈడ పసిదాన్ని ఎవరు చూసుకునేది?" అన్నాడు. ఆ రెండు ప్రశ్నల్లో దేనికీ ఆయన జవాబు అడగలేదు. పసిదానికి మధుమిత అని పేరు పెట్టారు. పాలు తాగని వేళల్లో అది మునిరత్న చంకలోనే పెరిగింది.

నెలనెలా దొడ్డమ్మ గుర్తు చేసేది. మునిరత్న మూడు దినాలు పశువుల కొట్టం పక్కన రాతిబండమీద కూర్చునేది. బువ్వ దూరంనుంచి పెట్టేవారు. మొదట్లో దేవేంద్ర ఏడో తరగతి పుస్తకాలు తెచ్చుకుని చదివింది. అవన్నీ ఆమెకు వచ్చినవే. ఎనిమిదో తరగతివి ఇంట్లో తనవే ఉన్నాయి. తొమ్మిదివి ఊళ్లో ఎవరి దగ్గరా లేవు. శోభన మత్తిగిరికి పోతోంది, ఎప్పుడైనా దారిలో కనపడితే, "ఆల్జీబ్రా చానా కష్టమే, నువ్వుంటే బాగుండేది," అనేది. కొన్ని నెలలకు మునిరత్న బండమీద ఊరికే కూర్చోవడం నేర్చుకుంది.

నిజంగా అయింది పద్నాలుగు నెలల తరువాత. వచ్చింది తప్పు దినాన. నెల మధ్యలో, దొడ్డమ్మ లెక్క ప్రకారం ఆమె లోపల ఉండవలసిన వారంలో. పురుగులు అప్పుడే నాలుగో జ్వరం లేచాయి. దొడ్డమ్మ దేన్‌కనికోటలో పెండ్లికి పోయింది. బయట కూర్చుంటే, పోయిన పక్షమే కదా కూర్చున్నావు అని తల్లి అడుగుతుంది.

మునిరత్న చేతులు కడుక్కుని లోపలికి పోయింది.

మూడు దినాలు, దినానికి ఐదు మేతలు. ప్రతి తట్ట దగ్గరా వంగి చూసేది. ఎక్కడైనా నల్లబడిందా, ఎక్కడైనా కారిందా అని. పంట పోతే ఇంట్లో అందరి నోటిదగ్గరిది తీసినట్టే, అది తన పనే అవుతుంది. ఒకసారి ఒక పురుగు మేత వదిలి అంచుకు పాకితే చేతిలో ఆకు పక్కన పెట్టి దాన్నే చూసింది. అది ఇంకో ఆకు కోసం పోయింది, అంతే.

ఏడోనాడు పురుగులు పండి, గూడు కట్టే చంద్రికలనే వెదురు తడికలకు ఎక్కాయి. ఇంకో ఐదారు దినాలకు గూళ్లు హోసూరు మార్కెట్టుకు తీసుకుపోయి వచ్చిన తిమ్మరాయప్ప ఆ సాయంత్రం బస్టాండులో కొన్న మూరెడు మల్లెపూలు కూతురి చేతికిచ్చాడు.

"ఇట్లాంటి గూడు ఎనిమిదేండ్లలో చూడలేదమ్మా. నీ చెయ్యి మంచిది."

మునిరత్న పూలు చేత్తో పట్టుకుని పురుగులింటి ముందు నిలబడింది. లోపల తట్టలు ఖాళీగా ఒకదానిమీద ఒకటి ఉన్నాయి. పురుగులకు ఏమీ తెలియలేదు. వాటికి ఎప్పుడూ ఏమీ తెలియదు. అమ్మ కాన్పు దినాల్లో అమ్మే మేత వేసి ఉన్నా అవి తిని ఉండేవి. రెండో తరగతిలో సగం, నాలుగో తరగతి, ఎనిమిదో తరగతి పరీక్ష. ఆమె పూలు తలలో పెట్టుకోలేదు. మధుమిత జుట్టుకు కట్టడానికి చూసింది, దానికి ఇంకా అంత జుట్టు లేదు.

రెండువేల ఏడులో మునిరత్న సామల్పట్టి పక్క పోచంపల్లి దగ్గర అత్తవారి ఊరినుంచి ఏప్రిల్ పంటకు పుట్టింటికి వచ్చింది. ఇద్దరు పిల్లల్నీ అత్త దగ్గర వదిలి వచ్చింది. తల్లికి నడుము వంగింది, దొడ్డమ్మ పోయి నాలుగేళ్లయింది. దేవేంద్ర హోసూరులో ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. నడిమి చెల్లెళ్లు పదోదాకా చదివి పెండ్లయి పోయారు. మధుమిత ఇంగ్లీషు మీడియం బడిలో ఎనిమిది. పొద్దున్నే ఇంటిముందుకు వ్యాను వస్తుంది.

పరీక్షలకు ముందు శనివారం మధుమిత స్నానాల గదిలోనుంచి అక్కను పిలిచింది. మునిరత్న పోయి చూసింది. నిజంగానే. ఎవరికీ చెప్పొద్దు, పరీక్షలయ్యేదాకా చెప్పొద్దు అందామని నోరు తెరిచేలోపలే మధుమిత, "అమ్మా," అని కేక వేసి చెప్పేసింది.

వెంకటలక్ష్మమ్మ వాకిట్లో ఉన్న భర్తకు చెప్పింది. మునిరత్న గుమ్మంలో నిలబడి ఆయన మొహం చూసింది. సోమవారం పరీక్ష అని చెప్పడానికి, గొడవపడటానికి కూడా సిద్ధంగా ఉంది.

తిమ్మరాయప్ప కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "సోమవారం పరీక్ష కదా దానికి? రాసి రానీ. తరువాత చూసుకుందాము."

"గుడిసె కట్టొద్దా? తమ్ముడికి చెప్పొద్దా?" అని వెంకటలక్ష్మమ్మ అడిగింది.

"ఫోన్‌లో చెప్పు. గుడిసెలు గిడిసెలు ఇప్పుడు ఎవరు చూస్తారు? నాలుగో ఆడపిల్ల, ఇంక ఎవరికి చేసి చూపించాల."

అంతే. ఎవరూ ఎవరితోనూ వాదించలేదు. మధుమిత సైన్సు పుస్తకం తీసుకుని ఫ్యాను కింద కూర్చుంది.

సోమవారం పొద్దున వ్యాను వచ్చింది, మధుమిత ఎక్కి పోయింది. మునిరత్న తండ్రి దగ్గరికి పోయి అరుగుమీద కూర్చుంది.

"నాయనా, నాకు ఆ పొద్దు గుడిసె ఎందుకు కట్టినారు? నాకూ సోమవారమే పరీక్ష."

ఆయన గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. పరీక్ష సంగతి గుర్తున్నట్టు లేదు.

"నువ్వు మొదటిదానివి కదమ్మా. మొదటి పిల్లకి చేయకపోతే ఊరు ఏమనుకునేది?" అన్నాడు, ఆమెకు చేసిన గొప్ప తలచుకున్నవాడిలా. "హనుమంతప్ప ఎంత బాగా కట్టినాడు. మధుమితకి అదంతా యాడ దొరుకుతుంది?"

కాసేపటికి గడియారం చూసి, "పదిగంటల మేత టైమయింది, లేమ్మా," అన్నాడు.

పురుగులు అంతకుముందు గురువారమే నాలుగో జ్వరం లేచాయి.

"నేను రాను నాయనా," అంది మునిరత్న. "బయట ఉండాను."

తిమ్మరాయప్ప ఆమెవైపు చూశాడు. నిన్న సాయంత్రందాకా ఆమె లోపలే ఉంది. ఆయన ఏదో అడగబోయి, కూతుర్ని అట్లాంటివి అడగలేక, ఒక్కడే ఆకు మోపు ఎత్తుకుని లోపలికి పోయాడు.

మునిరత్న పశువుల కొట్టం పక్కకు పోయి రాతిబండమీద కూర్చుంది. నిజానికి ఆమె దినాలకు ఇంకా వారం ఉంది. ఇప్పుడు కొట్టంలో పశువులు లేవు. లోపల తండ్రి ఒక్కడే తట్టలు లాగుతున్న చప్పుడు, మధ్యలో ఆయన దగ్గు వినిపిస్తున్నాయి. లేచి సాయం పోవాలని ఒకసారి అనిపించింది. ఒంటిగంటకు వ్యాను వచ్చేదాకా ఆమె అక్కడినుంచి లేవలేదు.